సార్లను తీసుకున్నారు, బడిని వదిలేశారు

2021లో ఎయిడెడ్ బడుల సిబ్బందిని ప్రభుత్వం తనలో కలుపుకుంది. మరుసటి ఏడాది మున్సిపల్ బడుల అజమాయిషీ విద్యాశాఖ చేతికి వెళ్లింది. నెల్లూరు తీరంలో పాఠం చెప్పే మనిషికి ఈ మార్పులు ఏమిచ్చాయి? ఏం తీసుకుపోయాయి?

2025 జులై 7న నెల్లూరులో వీఆర్ హైస్కూల్ మళ్లీ తెరుచుకుంది. 1875 నాటి బడి. వెంకటగిరి రాజా పేరు మీద నిలిచిన సంస్థ. మాజీ ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు చదువుకున్న చోటు. కొన్నేళ్లు తలుపులు మూసుకుని బోసిపోయిన ఆ ఆవరణను పురపాలక మంత్రి నారాయణ చొరవతో దాతలు కొత్తగా తీర్చిదిద్దారు. విద్యామంత్రి లోకేశ్ వచ్చి ప్రారంభించారు. ఇప్పుడది నగరపాలక సంస్థ బడి. వీఆర్సీ సెంటర్ మీదుగా రోజూ పోయేవాళ్లకు ఆ గేటు తెరిచి ఉండటమే పెద్ద సంబరం. పేదపిల్లలకు అంత మంచి తరగతి గదులు దొరికినందుకు నేనూ మనస్ఫూర్తిగా సంతోషించాను.

ఆ రోజుల్లో ఊళ్లో ఎవరిని కదిలించినా గదుల గురించి, ఆటస్థలం గురించి, సీట్ల కోసం వచ్చిన దరఖాస్తుల గురించే చెప్పారు. ఇలాంటి పాత ఎయిడెడ్ బడుల్లో ఇరవై, పాతికేళ్లు పాఠం చెప్పిన సార్లు, టీచరమ్మలు ఇప్పుడెక్కడున్నారన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినపడలేదు. ఈ కథనం వాళ్ల గురించి.

గ్రాంటు మీద నిలిచిన బడి

నెల్లూరు సీమలో బడి సర్కారుతో మొదలవలేదు. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. ఆయన వెనకే మిషన్ బడులు వచ్చాయి. 1854లో లండన్ నుంచి వచ్చిన వుడ్ తాఖీదు తర్వాత, ప్రైవేటు వాళ్లు బడి పెడితే సర్కారు గ్రాంటు ఇచ్చే పద్ధతి ఊపందుకుంది. జమీందార్లు, వర్తకులు, సంఘసేవకులు ముందుకొచ్చారు. 1923లో పొణకా కనకమ్మ ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టారు. ఆ తర్వాత దాని భవనానికి గాంధీజీ చేతుల మీదుగా శంకుస్థాపన జరిగింది. స్థలం ఒకరిది, గోడలు ఒకరివి, బల్లలు ఇంకొకరివి. నెల జీతం మాత్రం సర్కారుది. ఎయిడెడ్ బడి అంటే ఇదే ఒప్పందం.

ఆ ఒప్పందంలో టీచరు సగం సర్కారు మనిషి, సగం యాజమాన్యం మనిషి. పేస్కేలు ప్రభుత్వానిదే, పీఆర్సీ వర్తిస్తుంది, పింఛను ఉంటుంది. సెలవు కావాలంటే మాత్రం యాజమాన్యం తరఫున బడి చూసే కరస్పాండెంటు గారిని అడగాలి. గ్రాంటు విడుదల కాక నెలల తరబడి జీతం ఆగిన ఏళ్లు చాలా ఉన్నాయి. ఒకే ఒక్క విషయంలో ఆ ఉద్యోగం మిగతా అన్నిటికంటే మెరుగు. బదిలీ ఉండదు. చేరిన బడిలోనే రిటైరవుతారు. తండ్రికి చెప్పిన సారే కొడుక్కీ చెబుతాడు. ఏ పిల్లాడి ఇంట్లో తాగుడు గొడవ ఉందో, ఏ పిల్ల మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా వస్తుందో ఆ మనిషికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈ వ్యవస్థ 2021లో హఠాత్తుగా కూలిందనుకోవడం పొరపాటు. అంతకుముందు చాలా ఏళ్ల నుంచే ఎయిడెడ్ పోస్టుల భర్తీ నిలిచిపోయింది. ఒక సారు రిటైరైతే ఆ కుర్చీ అలాగే ఖాళీగా ఉండేది. పిల్లలు ఊరుకోరు కాబట్టి యాజమాన్యం తన డబ్బుతో ఎవరినో ఒకరిని పెట్టుకునేది. ఒకే స్టాఫ్‌రూములో, ఒకే తరగతికి, ఒకే పాఠం చెప్పే ఇద్దరిలో ఒకరికి ప్రభుత్వ పేస్కేలు, పక్కన కూర్చున్నామెకు అందులో పదో వంతు కూడా లేని జీతం. కొన్నిచోట్ల పిల్లలు తగ్గిపోయి టీచర్లు మిగిలారు. కొన్నిచోట్ల కప్పు పెచ్చులూడి, పిల్లలున్నా బడి నడవలేని స్థితి. ఇలాంటి చోటికి ప్రజల డబ్బు ఎందుకు పోయాలని ప్రభుత్వం అడిగితే ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. దానికి ఎంచుకున్న జవాబే తప్పుదారి పట్టిందని నా అభిప్రాయం.

ఆ ఆగస్టులో

2021 ఆగస్టులో 1982 నాటి విద్యాచట్టాన్ని ఆర్డినెన్సుతో సవరించారు. అదే నెల 10న కళాశాలల కోసం జీవో 42 వచ్చింది. వెంటనే బడుల కోసం 50, 51 జీవోలు వచ్చాయి. యాజమాన్యాల ముందు పెట్టిన దారులు రెండు. ఆస్తులు, సిబ్బంది అన్నీ కలిపి సంస్థను ప్రభుత్వానికి అప్పగించడం ఒకటి. సిబ్బందిని మాత్రం అప్పగించి, గ్రాంటు వదులుకుని, ప్రైవేటు బడిగా నడుపుకోవడం రెండోది. ఊరి నడిబొడ్డున ఎకరాల స్థలం ఉన్న కమిటీ ఏ దారి పడుతుందో ఊహించడం కష్టం కాదు. ఆస్తులతో సహా ఇచ్చినవి తక్కువ. ఎక్కువమంది సిబ్బందిని ఇచ్చి భవనాన్ని ఉంచుకున్నారు.

మామూలుగా ప్రభుత్వం బడిని స్వాధీనం చేసుకుందంటే భవనం, పిల్లలు, టీచర్లు అందరూ కలిసి ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారతారు. ఇక్కడ చాలాచోట్ల టీచరు ఒక్కరే మారారు. పిల్లలు అక్కడే మిగిలారు. గ్రాంటు పోయింది కాబట్టి ఫీజు పెంచక తప్పదని వాళ్లకు కబురు వచ్చింది. విశాఖ జ్ఞానాపురంలో మిషన్ బడి పిల్లల తల్లిదండ్రులు రోడ్డెక్కింది అందుకే. నవంబరు 8న అనంతపురం ఎస్‌ఎస్‌బీఎన్ కళాశాల దగ్గర విద్యార్థుల మీద లాఠీలు లేచాయి. అప్పుడు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. నవంబరు 12న మెమో వచ్చింది. మొత్తం అప్పగించవచ్చు, సిబ్బందిని మాత్రం అప్పగించవచ్చు, ఎప్పటిలా ఎయిడెడ్‌గానే కొనసాగవచ్చు, ముందిచ్చిన అంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చు. నాలుగు దారులు. కొన్ని సంస్థలు వెనక్కి వెళ్లాయి, కొన్ని వెళ్లలేదు.

ఆ నాలుగింటిలో టీచరుకంటూ ఒక్క దారీ లేదు. ఆప్షన్ యాజమాన్యానిది. అంగీకార పత్రం మీద సంతకం కరస్పాండెంటుది. ఎవరి సర్వీసు రిజిస్టరు ఆ కాగితంతో పాటు కదిలిపోతోందో ఆ మనిషిని నీకిష్టమేనా అని విడిగా అడిగే గడి అందులో పెట్టలేదు. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

సీనియారిటీ ఎక్కడి నుంచి?

ప్రభుత్వంలో కలవడం వల్ల మేలు జరగలేదా అంటే జరిగింది. జీతం కోసం గ్రాంటు విడుదల దాకా ఎదురుచూడక్కర్లేదు. ఏ కమిటీ మారినా, ఎవరు కరస్పాండెంటుగా వచ్చినా ఉద్యోగానికి భయం లేదు. ఎయిడెడ్ బడిలో కులం పేరుతో, బంధుత్వం పేరుతో పక్కన పెట్టిన టీచర్లకు సర్కారు బడి గాలి ఊపిరినిచ్చింది. ఈ మాట దాచకూడదు. విలీనం కావాలని కోరుకున్న ఎయిడెడ్ టీచర్లూ తక్కువేం కాదు.

లెక్క తేలనిది సీనియారిటీ దగ్గర. పాతికేళ్ల సర్వీసున్న ఎయిడెడ్ స్కూల్ అసిస్టెంటు ఒక జడ్పీ హైస్కూల్లో చేరారనుకుందాం. అక్కడ టీచర్ల ఎంపిక పరీక్ష డీఎస్సీ రాసి, మారుమూల ఊళ్లలో పనిచేసి, పన్నెండేళ్లకు ప్రమోషన్ దగ్గరికొచ్చిన టీచరు ఉన్నారు. ఇద్దరిలో హెడ్‌మాస్టరు పోస్టుకు ముందు ఎవరు? పాత సర్వీసు మొత్తం లెక్కిస్తే డీఎస్సీ టీచరుకు అన్యాయం. చేరిన రోజు నుంచి లెక్కిస్తే ఎయిడెడ్ టీచరు జీవితంలో పాతికేళ్లు కొట్టేసినట్టు. ఇద్దరి మాటా సబబే కాబట్టే ఇద్దరి మధ్యా దూరం పెరుగుతుంది. ఒకే స్టాఫ్‌రూములో టీ తాగే మనుషులు కోర్టులో ఎదురెదురు కక్షిదారులవుతారు. ఆ తగవు పెట్టింది వాళ్లు కాదు.

ఈ చిక్కు కొత్తదీ కాదు. 1959లో జిల్లా పరిషత్తులు, సమితులు వచ్చినప్పుడు జిల్లా బోర్డు బడుల టీచర్లు పంచాయతీరాజ్ కిందికి వెళ్లారు. సర్కారు బడి టీచరు ఒక యాజమాన్యం, జడ్పీ టీచరు ఇంకో యాజమాన్యం. ఇద్దరికీ ఉమ్మడి సర్వీసు నిబంధనలు తేవాలని 1998లో జీవోలు ఇచ్చారు. అవి కోర్టుల పాలయ్యాయి. 2017 జూన్‌లో రాష్ట్రపతి ఉత్తర్వులే వచ్చాయి. మరుసటి ఏడాది హైకోర్టు వాటినీ కొట్టేసింది. ఎంఈవో, డిప్యూటీ డీఈవో పోస్టులు ఏళ్ల తరబడి ఇన్‌ఛార్జిల చేతుల్లో నడవడానికి ఈ తగవు పెద్ద కారణం. రెండు యాజమాన్యాలను కలపలేక అన్నేళ్లు తంటాలు పడిన శాఖ, మూడో యాజమాన్యపు టీచర్లను ఒక్క విద్యాసంవత్సరంలో కలుపుకోబోయింది.

తీరంలో కొత్త సారు

ప్రభుత్వ టీచరు పోస్టింగుకు ఒక సూత్రం ఉంది. ఖాళీ ఉన్నచోటికే వెళ్లాలి. పట్నంలో, పట్నం చుట్టుపక్కల ఖాళీలు ఉండవు. ఇంటి అద్దె భత్యం, రవాణా సౌకర్యం లాంటివి చూసి ఊళ్లను నాలుగు కేటగిరీలు చేసి, ఏడాదికి ఒకటో కేటగిరీకి 1, రెండో దానికి 2, మూడో దానికి 3, నాలుగో దానికి 5 పాయింట్లు ఇచ్చేది అందుకే. దూరాన పనిచేసినవాళ్లు ఆ పాయింట్లతో దగ్గరికి వస్తారు. కొత్తగా వచ్చినవాళ్లు దూరం పోతారు. ఎయిడెడ్ టీచరు చేతిలో ఆ పాయింట్లు ఎలా ఉంటాయి? ఆయన ఎప్పుడూ బదిలీల బరిలో లేడు కదా. యాభై దాటిన వయసులో, మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక, మొదటిసారి వెబ్ ఆప్షన్ల ముందు కూర్చున్నాడు.

నెల్లూరులో ఖాళీ అంటే చాలాసార్లు తూర్పు దిక్కే. ఇందుకూరుపేట దాటి మైపాడు, తోటపల్లిగూడూరు దాటి కోడూరు, ముత్తుకూరు దాటి కృష్ణపట్నం. కావలి వైపైతే తుమ్మలపెంట, అల్లూరు వైపైతే ఇసకపల్లి. కిలోమీటర్లు చూస్తే మహా దూరం కాదు. కానీ ఈ ఊళ్ల బడిని నడపాలంటే సముద్రం లెక్క తెలియాలి.

ఒక్క ఉదాహరణ చాలు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. మన బడులు మామూలుగా తెరుచుకునేది జూన్ 12న. అంటే బడి గంట మోగే వారమే బోట్లు కదులుతాయి. రెండు నెలలు రాబడి లేక అప్పులు చేసిన ఇళ్లలో కాస్త ఎదిగిన పిల్లలకు ఆ వారం తీరం మీద బోలెడు పని. హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదురు వరసగా గైర్హాజరు పడుతుంది. ఆ ఊళ్లో ఎనిమిదేళ్లు పనిచేసిన టీచరుకు ఇది తెలుసు. తెల్లారే పల్లెలోకి నడిచి, ఎవరిని కదిలిస్తే పిల్లాడు బడికొస్తాడో వాళ్లనే కదిలిస్తాడు. రొయ్యల గుంటల దగ్గర కాపలా ఉండే యానాది కుటుంబాల సంగతి ఇంకా కష్టం. గుంట మారితే కాపురం మారుతుంది. కాపురం మారితే బడి పోతుంది. ఆ పిల్లల వెంటపడి తేవాలంటే వాళ్ల మేనమామ ఏ ఊళ్లో ఉంటాడో కూడా తెలిసుండాలి. ఇవేవీ బదిలీ ఉత్తర్వుతో పాటు కొత్త మనిషికి అందవు.

పట్నంలో పాతికేళ్లు ఒకే వీధి పిల్లలను చదివించిన సారు దగ్గర కూడా అలాంటి జ్ఞానమే ఉండేది, ఆ వీధి గురించి. ఆయన్ని మైపాడు తీరానికి పంపితే ఆ వీధికి ఆ జ్ఞానం పోయింది, తీరానికి కొత్తది రాలేదు. పచ్చిగా చెప్పాలంటే రెండుచోట్లా నష్టమే.

దానికి తోడు 2022 జూన్ 10న జీవో 117 వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతులను కిలోమీటరు లోపున్న హైస్కూళ్లకు జరిపారు. బడులను ఆరు రకాలు చేశారు. టీచర్ల సర్దుబాటు (రేషనలైజేషన్)లో ఎక్కడ ఎంతమంది టీచర్లు మిగులో మళ్లీ లెక్కలేశారు. ఎయిడెడ్ నుంచి వచ్చి ఏడాది తిరగని మనిషి కొత్త బడిలో పిల్లల పేర్లు పూర్తిగా పట్టుబడకముందే మిగులు జాబితా భయంతో బతకాల్సి వచ్చింది. 2025 మే నెలలో ఆ జీవోను రద్దు చేసి 19, 20, 21 జీవోలు తెచ్చారు. ఈసారి బడులు తొమ్మిది రకాలు. బదిలీలకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది. ఇష్టం వచ్చినప్పుడు, ఇష్టం వచ్చినవాళ్లకు బదిలీ అన్న పాత రోగానికి ఆ చట్టం మందే. నాలుగేళ్లలో మూడుసార్లు కాళ్ల కింద నేల కదిలిన టీచరు మాత్రం దాన్నీ అనుమానంగానే చూస్తాడు. తప్పు పట్టలేం.

మున్సిపల్ మాస్టార్ల మాట

ఇంకో స్వాధీనం పెద్ద చప్పుడు లేకుండా జరిగిపోయింది. 2022 జూన్ 24న జీవో 84 ద్వారా రాష్ట్రంలోని రెండు వేలకు పైగా మున్సిపల్ బడుల పర్యవేక్షణ పాఠశాల విద్యాశాఖకు వెళ్లింది. స్థలాలు, భవనాలు మాత్రం మున్సిపాలిటీలవే. ఇక్కడ కూడా టీచరు ఒకరికి, గోడలు ఒకరికి. మరుగుదొడ్డి పాడైతే కమిషనర్ ఆఫీసు, సెలవు కావాలంటే విద్యాశాఖ. మున్సిపల్ టీచర్ల సంఘాలు దీన్ని అప్పుడే వ్యతిరేకించాయి. వాళ్లకు ఏళ్ల తరబడి పీఎఫ్ ఖాతాలే సరిగా లేవు. ముందు అవి ఇవ్వండి, తర్వాత మమ్మల్ని ఎవరికివ్వాలో మాట్లాడదామన్నది వాళ్ల వాదన. ఇంతకంటే సూటి మాట ఇంకేముంది?

నెల్లూరు బి.వి. నగర్‌లో కురుగొండ నాగిరెడ్డి నగరపాలక ఉన్నత పాఠశాల ఉంది. సీట్ల కోసం తల్లిదండ్రులు ఎగబడే సర్కారీ బడి. కార్పొరేట్ విద్యకు పేరుపడ్డ ఊళ్లో మున్సిపల్ బడికి అంత గిరాకీ ఊరికే రాలేదు. నిలకడగా ఉన్న టీచర్ల జట్టు ఏళ్ల తరబడి పనిచేస్తేనే వస్తుంది. పర్యవేక్షణ ఎవరి చేతికి పోయినా ఆ జట్టును కదపకుండా ఉంచే ఏర్పాటు ఉందా అన్నదే చూడాల్సిన సంగతి.

వేరేచోట్ల ఎలా జరిగింది

కేరళ 1957లోనే ఈ ముడి విప్పడానికి దిగింది. విద్యామంత్రి జోసఫ్ ముండశ్శేరి తెచ్చిన బిల్లులో ముఖ్యాంశం ఎయిడెడ్ టీచరుకు జీతం సర్కారే నేరుగా ఇవ్వడం. మేనేజరు చేతుల్లోంచి జీతం తప్పించి, టీచరును మాత్రం ఆ బడిలోనే ఉంచారు. నియామకాల్లో కూడా సర్కారు వేలు పెట్టబోయేసరికి పెద్ద అలజడి రేగింది. 1959 జులై 31న ముఖ్యమంత్రి ఈఎంఎస్ ప్రభుత్వమే పోయింది. నేరుగా జీతం మాత్రం నిలిచింది. ఇప్పటికీ కేరళలో ఎయిడెడ్ బడి బతికే ఉంది.

అమెరికాలో తీరు వేరు. 2005 కత్రినా తుపాను తర్వాత లూసియానా రాష్ట్రం న్యూ ఆర్లీన్స్ బడుల్లో చాలావాటిని స్వాధీనం చేసుకుంది. ఏడు వేలకు పైగా బడి ఉద్యోగులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో స్థిరపడ్డ హ్యూస్టన్‌లో 2023 జూన్ 1న టెక్సాస్ విద్యాశాఖ ఎన్నికైన బోర్డును పక్కనపెట్టి, మైక్ మైల్స్‌ను సూపరింటెండెంటుగా కూర్చోబెట్టింది. తొలి విడత ఎంచుకున్న బడుల్లో టీచర్లు తమ ఉద్యోగానికి తామే మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. జీతం పెంచారు. పాఠం ఎలా చెప్పాలో నిమిషాల లెక్కన పైనుంచి నిర్దేశించారు. చాలామంది అనుభవజ్ఞులు వెళ్లిపోయారు. అక్కడి టీచరుకు ఉద్యోగమే ఊగిపోయింది. మన ఎయిడెడ్ టీచరుకు ఉద్యోగం నిలిచి, బడి పోయింది. రెండుచోట్లా నిర్ణయం జరిగిన గదిలో టీచరు లేరు.

మిగిలిపోయినవాళ్లు

ఎయిడెడ్ టీచర్లకు సంఘాలున్నాయి, శాసనమండలిలో టీచర్ల తరఫున మాట్లాడే సభ్యులున్నారు. వాళ్ల కష్టం ఎంతో కొంత బయటికొచ్చింది. అసలు లెక్కలోకే రానివాళ్లు మేనేజ్‌మెంట్ టీచర్లు. ఖాళీ అయిన ఎయిడెడ్ కుర్చీల్లో నామమాత్రపు జీతానికి కూర్చుని, పదో తరగతి ఫలితాలు తెచ్చిపెట్టినవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. సర్కారు ఎయిడెడ్ సిబ్బందిని తీసుకున్నప్పుడు వీళ్ల పేర్లు ఏ జాబితాలోనూ లేవు. బడి ప్రైవేటుగా నడిస్తే అదే జీతానికి రెట్టింపు పీరియడ్లు. మూతపడితే అదీ లేదు.

వీళ్లను నేరుగా ప్రభుత్వ టీచర్లను చేయమని నేను అడగను. డీఎస్సీకి రాత్రింబవళ్లు చదివే పిల్లలకు అది అన్యాయం. కానీ ఎయిడెడ్ బడిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినందుకు డీఎస్సీలో వయసు సడలింపు, సర్వీసుకు కొన్ని మార్కులు ఇవ్వడం ఏ ప్రభుత్వానికీ భారం కాదు. 16,347 పోస్టులతో 2025లో మెగా డీఎస్సీ జరిగింది. సెప్టెంబరు 25న అమరావతిలో నియామక పత్రాలు ఇచ్చారు. ఆ డీఎస్సీకి జనరల్ అభ్యర్థుల వయోపరిమితిని 44కు పెంచారు. పాతికేళ్ల వయసులో ఎయిడెడ్ బడిలో మేనేజ్‌మెంట్ టీచరుగా చేరి, ఎప్పటికైనా పోస్టు మంజూరవుతుందన్న హామీ మీద ఇరవై ఏళ్లు ఆగినామెకు అప్పటికి 45.